పూతరేకులతో వచ్చిన అత్తయ్యగారు

ఇది పోయిన ఏడాది జరిగింది. ధవళేశ్వరంలో డిప్లొమా మీద ఉద్యోగం చేస్తున్న నేను, ప్రమోషన్ కోసం ఆన్‌లైన్ డిగ్రీలో చేరాను. రెండో సెమిస్టర్ కాలిక్యులస్ పరీక్ష నాటికి జంగారెడ్డిగూడెంలో అత్తారింట్లో ఉండాల్సి వచ్చింది. నలభై ఏళ్ల అల్లుడు ఇంకా పరీక్షలు రాస్తున్నాడంటే నామోషీ అనిపించి, "ఆఫీసు మీటింగండి" అని చెప్పి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాను.

పరీక్ష ల్యాప్‌టాప్ ముందు కూర్చునే రాయాలి; కెమెరాలో వేరే మనిషి కనిపిస్తే పేపరు రద్దు. నేను ఒక ఇంటిగ్రల్‌తో కుస్తీ పడుతుండగా అత్తయ్యగారు పూతరేకుల పళ్లెంతో వచ్చేశారు. అల్లుడు ఖాళీ కడుపుతో మీటింగులో కూర్చుంటే ఆవిడ చూడలేరు. పైగా తెర మీద నుంచి పరీక్ష పర్యవేక్షిస్తున్న మేడమ్‌ని, "మీ భోజనాలయ్యాయా అండి?" అని పలకరించారు.

"మీకేమైనా బుద్ధుందా అత్తయ్యగారూ? నా పరీక్ష పోయింది!" అని అరిచాను. మైకు ఆన్‌లోనే ఉంది. క్లాసు పిల్లలంతా విన్నారు.

ఆవిడ బిత్తరపోయారు. "పరీక్షా? ముందే చెప్తే ఇటువైపు ఎవర్నీ రానిచ్చేదాన్ని కాదు కదా బాబూ!"

మేడమ్ నవ్వాపుకుంటూ, "ముందు ఆవిడకి క్షమాపణ చెప్పండి. తర్వాత ఇంకెవరూ లేరని గదంతా కెమెరాలో చూపించి, ఆ లెక్క పూర్తి చేయండి" అన్నారు. అలాగే చేశాను. పాసయ్యాను కూడా.

అప్పటినుంచి అత్తయ్యగారు నేనున్న గదిలోకి నేరుగా రావడం మానేశారు. బయటే ఆగి, "రావచ్చా బాబూ?" అని అడుగుతున్నారు. తన సొంత ఇంట్లో ఆవిడ అలా అడిగినప్పుడల్లా, ఆ రోజు నేను చెప్పిన క్షమాపణ సరిపోలేదని అర్థమవుతోంది.