చెప్పులకు పరుగు నేర్పిన ఆపా

మొన్న పొద్దున ఆఫీసుకు వెళ్తూ ట్రైన్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. ఆపా ఇక లేరు. బొమ్మలు గీసి కూడా బతకొచ్చని నాకు నేర్పిన మొదటి బాస్ ఆవిడ. నలుగురిలో ఏడవకూడదని తలుపు వైపు తిరిగాను గానీ, కన్నీళ్లు మాట వినలేదు.

ఆపా అంటే అక్క. ఆవిడది హైదరాబాదీ ముస్లిం కుటుంబం. దేశం కాని దేశంలో, క్లెమెంటి అనే పేటలో వాళ్ల ఫ్లాట్‌లోని ఒక గదే మా డిజైన్ స్టూడియో. ఆవిడ, నేను, మాటిమాటికీ మొరాయించే ప్రింటరు, అంతే మా సిబ్బంది. అందరూ ఐటీ అంటూ ఉరుకులు పెడుతున్న రోజులవి. నన్నూ జావా నేర్చుకోమని ఇంట్లో ఒకటే పోరు. ఏ కంపెనీవాళ్లు వచ్చినా ఒక భూగోళం, దాని చుట్టూ దూసుకుపోయే గీత కావాలనేవారు. ఆపా అడిగింది గీసిచ్చి, వాళ్లు వెళ్లాక "ఇంగో గోళీ!" అని నిట్టూర్చేవారు.

వచ్చినవాళ్లకు చాయ్ ఇచ్చి, "చెప్పు" అని ఒక్క మాట అనడం ఆవిడ అలవాటు. తెలుగు రానివాళ్లకు అదే మాట ఇంగ్లీషులో. ఆ తర్వాత ఎంతసేపైనా నోరు మెదపకుండా వినేవారు. అంత ఓపిగ్గా వినే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఒకసారి తైవాన్ కుటుంబాల సంఘం నుంచి ఒకావిడ వచ్చింది. ఏటా జరిపే క్రీడల పండుగకు లోగో, టీషర్టులు, పోస్టర్లు కావాలంది. చాలాసేపు మాట్లాడాక అసలు బాధ బయటపడింది. గెలిచే కుర్రాళ్లు తప్ప ఎవరూ రావడం లేదట. పెద్దవాళ్లు ఇళ్లు కదలడం లేదట. ఈసారీ అంతే అయితే పండుగే మానేద్దామని కమిటీ అనుకుంటోందట. ఆ మాట ఆపా మనసులో నాటుకుంది.

మర్నాడు బిషాన్ అనే పేటలో ఆ తైవాన్ ఆవిడ ఇంటికి వెళ్లాం. గుమ్మం దగ్గర నీలం, తెలుపు ప్లాస్టిక్ చెప్పుల గుట్ట. తైవాన్‌లో ఇంటింటా కనబడే చవక రకం. మమ్మల్ని చూసి ఆవిడ సిగ్గుపడుతూ వాటిని కాలితో పక్కకు నెట్టేసింది. తిరిగొచ్చేటప్పుడు ఆపా మొహం వెలిగిపోతోంది.

"చుట్టాలొస్తే ఏది దాస్తరో, గదే వాళ్ల సొంతం. దొరికింది పో!"

ఆ సాయంత్రమే ఒక జత చెప్పులకు కళ్లూ కాళ్లూ మొలిచాయి. కుడిది దూసుకుపోతోంది. ఎడమది నాలుక బయటపెట్టి వెనకాల రొప్పుతోంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆపా, ఛాతీ మీద చెప్పు బొమ్మా? మా అమ్మ చూసిందంటే చీపురు తిరగేస్తుంది!"

"మన దిక్కు చెప్పు చూపిస్తే తిట్టు, బేటా. వాళ్లకు గదే ఇల్లు. పరేషాన్ కాకు, రంగులెయ్యి."

కమిటీ అధ్యక్షుడు కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ఇంజనీరు. బొమ్మ చూసి మొహం ముడిచాడు. మరీ తమాషాగా ఉంది, హైటెక్‌గా కనబడాలి అన్నాడు. ఆపా వాదించలేదు. "ఈ చెప్పులు లేని ఇల్లు ఎవరిదో చెప్పండి" అన్నారు. వెనక కూర్చున్న అధ్యక్షుడి తల్లి తమ భాషలో ఏదో అడిగింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"వెనకబడిన ఆ ఎడమది చివరిదాకా వస్తుందా అని అమ్మ అడుగుతోంది" అన్నాడు.

"రావాలి కదా! జత కలవకపోతే గెలుపేమిటి?" అన్నారు ఆపా.

కొడుకు ఆ మాట చెప్పగానే పెద్దావిడ పగలబడి నవ్వింది. ఇక ఎవరూ కాదనలేకపోయారు.

పండుగ రోజు మైదానమంతా పోస్టర్ల మీద మా చెప్పులే. ఒకటి దారి చూపిస్తోంది, ఒకటి నీళ్లు తాగుతోంది, నీడపట్టున ఒకటి గుర్రు పెడుతోంది. తాతలూ నాయనమ్మలూ గుంపులుగా వచ్చారు, ఇంట్లో వేసుకునే ఆ చెప్పులతోనే. నేను బొమ్మల పనిలోనే ఉండిపోయానంటే ఆ రోజు చూసిన మొహాల వల్లే. ఆ రుణం తీరేది కాదు.

పెద్దవాళ్ల పరుగులో అధ్యక్షుడి తల్లి ఆపాను చెయ్యి పట్టి లాక్కెళ్లింది. మోకాళ్ల నొప్పులని ఆపా ఎంత మొత్తుకున్నా వినలేదు. అందరూ చేరిపోయారు, వీళ్లిద్దరే మిగిలారు. అప్పుడు అధ్యక్షుడు, మొదట వచ్చినవాళ్లు తెంచేసిన రిబ్బన్‌ను ముడివేసి, రెండో కొస నా చేతికిచ్చి, పరుగు ముగిసే గీత దగ్గర నిలబడ్డాడు. గెలిచినవాళ్లంతా వెనక్కి వచ్చి మా పక్కన చేరారు. కళ్లు మూసుకుంటే ఆపా నాకు ఇప్పటికీ అక్కడే కనబడతారు. ఆ ముసలావిడ చెయ్యి వదలకుండా, నవ్వు ఆపుకోలేక మధ్యమధ్యలో ఆగిపోతూ, మా వైపే వస్తూ.