నా మోకాలు నేనే వంచుకున్నాను

బొగ్గు బావిలో ఇరవై ఏళ్లుగా పైకప్పు కూలకుండా ఊతాలు బిగించే పని నాది. కప్పు చిటపటమంటే గుండె ఝల్లుమంటుంది, కాదనను. కానీ చేతిలో ఇనుప కడ్డీ ఉంటుంది. దానితో కొట్టి చూస్తాను. డొల్లగా మోగితే వెనక్కి జరుగుతాను, లేదంటే ఊతం బిగిస్తాను. భయం అక్కడికక్కడే దిగిపోతుంది. అలాంటివాణ్ని, తల్లాడ దారిలో అడవి పంది అడ్డమొచ్చి బండి మీంచి పడ్డాను. మోకాలి చిప్ప పగిలింది.

కట్టు విప్పేసరికి కాలు కర్రలా బిగుసుకుపోయింది. గొంతుక్కూర్చోలేనివాణ్ని బావిలోకి దింపరు. మెడికల్ పరీక్షకు రెండు నెలలే గడువు. ఫెయిలైతే పైన ఆఫీసులో రిజిస్టర్లు రాసే డ్యూటీ ఇస్తారులే అని అందరూ ఓదార్చారు. ఆ ఓదార్పుకే నాకు ఒళ్లు మండింది.

ఖమ్మంలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి రోజూ నా మోకాలు పట్టుకుని వంచేది. ఆమె చెయ్యి దగ్గరికి రాగానే నాకు చెమటలు పట్టేవి. నొప్పి మొదలవకముందే అరిచేవాణ్ని. పక్కనున్న నా భార్య నెత్తి కొట్టుకుంది.

"ఏందయ్యా, బావిల దిగెటోనివి, గీ పిల్లకు భయపడ్తున్నవా?"

సిగ్గుతో చచ్చాను.

ఒకరోజు ఆ అమ్మాయి పొడుగాటి తువ్వాలు నా మడమకు చుట్టి, రెండు కొసలూ నా చేతికిచ్చింది. "అన్నా, నేను ముట్ట. నువ్వే గుంజుకో. ఓర్వలేకపోతే నువ్వే ఇడ్సెయ్."

గుంజాను. ప్రాణం జివ్వుమంది. వదిలాను, మళ్లీ గుంజాను. నొప్పి వీసమెత్తు తగ్గలేదు, చెమటలు మాత్రం పట్టలేదు. అప్పటిదాకా ఎన్నడూ వంగనంత వంగింది మోకాలు.

"నొప్పి గదేనన్నా," అంది ఆ అమ్మాయి. "ఆపేది మన చేతిల ఉన్నదని మెదడుకు తెలిస్తే లోపలి భయం జర సల్లబడ్తది. ఇంకొకరి చేతిల ఉంటే ముందుగాలనే కాలు బిగబట్టుకుంటది."

బళ్లో ఏ పాఠమూ నాకు ఇంత బాగా ఎక్కలేదు. రోజుకు మూడు పూటలు గుంజాను. కళ్ల నీళ్లు కారాయి, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను, నా భార్య చెవులు మూసుకుంది.

పరీక్ష రోజు డాక్టరు మోకాలి మీద చెయ్యి వెయ్యబోయాడు.

"సార్, చెయ్యి తీయండి. నేనే వంచుత."

ఆయన మొహం చిట్లించాడు కానీ తీశాడు. గొంతుక్కూర్చున్నాను. మోకాలు భగ్గుమంది. ఆయన కాసేపు చూసి, కాగితం మీద 'ఫిట్' అని రాసి, చాలు లెమ్మన్నాడు.

నేను లేవలేదు. ఇంకాసేపు అలాగే కూర్చుని, నాకు లేవాలనిపించినప్పుడు లేచాను.