తలుపు సీనుపై మాలతి తీర్పు

గద్వాలలోని ఒక సినిమా హాలులో ఆడవాళ్ల గేటు దగ్గర టికెట్లు చించే మాలతి, దయ్యం సినిమా ఆడేటప్పుడు తెర వంక చూడదు. టార్చి పట్టుకుని కుర్చీల మధ్య నిలబడి ఆడవాళ్ల కాళ్లు చూస్తుంది. భయపడ్డ మనిషి ముఖం మీద నవ్వు పులుముకుని బుకాయించగలదేమో గాని, కాళ్లు మాత్రం తెలియకుండానే కుర్చీ మీదికి వచ్చేస్తాయని ఆమె లెక్క. ఆరేళ్లలో ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఢామ్మని చప్పుడు చేసి అదరగొట్టే సినిమాలంటే ఆమెకు ఒళ్లుమంట. "గిన్నె కింద వడ్డా ఉలిక్కివడ్తం. అదేం గొప్ప?" అంటుంది. పది నిమిషాలకే దయ్యం కనబడితే సగం మార్కులు పోయినట్టే. మాంత్రికుడు నిమ్మకాయలతో దిగాడంటే మిగతా సగం కూడా పోయినట్టే.

ఈ సంగతి చెవిన పడి, మల్దకల్ కుర్రాడు శ్రవణ్ కుమార్ తన మొదటి సినిమాను విడుదలకు ముందే ఒక పొద్దుటి ఆట వేయించాడు. చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ల కూలి ఆడవాళ్లను పిలిచాడు. ఏ సీను ఉంచాలో ఏది కోయాలో సాయంత్రంలోపు తేల్చుకోవాలి. మాలతి మాటే ఆఖరని అన్నాడు.

మాలతి మనసు మాత్రం ఇంకోచోట ఉంది. కూతురు నిరోష సోమవారం వనపర్తి కాలేజీ హాస్టలుకు పోతానంటోంది. రోజూ బస్సులో పోయిరావచ్చు, అయినా పోతానంటోంది. అవ్వ దగ్గర పెరిగిన పిల్ల. తల్లి వలస పనులు మాని ఇక్కడ స్థిరపడి ఎన్నిసార్లు పిలిచినా రాలేదు, అవ్వ పోయాక రెండు నెలల కిందటే గద్వాల వచ్చింది. ఇప్పుడు పోతే మళ్లీ రాదని మాలతి భయం. సినిమా అయ్యాక ఎలాగైనా ఉండిపొమ్మని అడగాలని వెంట తెచ్చుకుంది.

సినిమా కథ చిన్నదే. వలస పోయిన తల్లి పనిచోట చచ్చిపోయి, ఊళ్లో ఒంటరిగా ఉన్న పిల్ల కోసం దయ్యమై తిరిగొస్తుంది. మొదటి అరగంట పాట లేదు, చప్పుడు లేదు. నిద్ర లేచిన పిల్ల పక్కన తడుముకుంటే అమ్మ లేదు, అంతే. వరసలకు వరసలు కాళ్లు పైకి లేచాయి. ఆ దిక్కున కూలీలను వలస పనులకు తోలుకుపోయే మేస్త్రి లారీ చీకటితోనే వస్తుంది. ఏడ్చి వెంటపడతారని పిల్లలు నిద్రలో ఉండగానే లేచిపోవడం ఆ హాలులో సగం మందికి అలవాటైన పనే. నిరోషకు మూడేళ్లప్పుడు మొదలుపెట్టి పదేళ్లు మాలతీ అలాగే పోయింది.

తర్వాత తలుపు సీను వచ్చింది. బయటి నుంచి గొంతు. "బిడ్డా, నేనొచ్చిన. తలుపు తీయ్." శ్రవణ్ గోళ్లు కొరుకుతూ వెనక నిలబడ్డాడు. కాళ్లన్నీ నేల మీదే ఉన్నాయి. కోడేరు నుంచి వచ్చిన జమ్ములమ్మ పైకే అనేసింది, "తీయ్ బిడ్డా, మీ అమ్మ వచ్చింది." ఇంకో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. వచ్చింది దయ్యమన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు.

టార్చి మూల కుర్చీ మీదికి తిరిగింది. నిరోష మోకాళ్లు రెండూ గుండెలకు హత్తుకుని కూర్చుంది. ఒక్క జత కాళ్లను లెక్కలోకి తీసుకుంటే తీర్పు తేలదని మాలతి సర్దిచెప్పుకుని టార్చి పక్కకు తిప్పేసింది.

ఆట అయ్యాక మెట్ల దగ్గర చెప్పింది. "మొదటి అరగంట బంగారం తమ్మీ, ముట్టకు. ఆ తలుపు సీను తీసెయ్. అమ్మ వస్తే మన దిక్కు ఎవరు భయపడ్తరు?"

శ్రవణ్ ముఖం మాడిపోయింది. ఎడిటరుకు చెప్పడానికి ఫోన్ తీశాడు.

"తియ్యకున్రి," అంది నిరోష. "నేను భయపడ్డ."

"అమ్మ వస్తే భయమేందమ్మా?" అంది మాలతి.

నిరోష తల్లి వంక చూడలేదు. "ఆ పోరి తలుపు తీసి ఊకె ఏడుస్తది. ఏడ్వొద్దు. ఒక్క మాట అడగాలె."

"ఏం మాట?" శ్రవణ్ అడిగాడు.

"ఎన్ని దినాలుంటవు అని."

మాలతికి ఆ ప్రశ్న కొత్త కాదు. మొదట్లో పని నుంచి ఇంటికి వచ్చినప్పుడల్లా, మంచినీళ్లకన్నా ముందు ఆ ప్రశ్నే ఎదురొచ్చేది. నాలుగోసారి నుంచి పిల్ల అడగడం మానేసింది. పిల్లకు బుద్ధి వచ్చిందనుకుని మాలతి అప్పట్లో సంతోషించింది కూడా. తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు సిగ్గేసింది.

"మరి దయ్యం ఏమనాలె అక్కా?" శ్రవణ్ ఆమెనే అడిగాడు.

ఆలోచించే పనే పడలేదు, అప్పట్లో నిరోష అడిగినప్పుడల్లా చెప్పిన జవాబే. "ఇంగ పోను బిడ్డా, నీతోనే ఉంట, అనాలె," అంది మాలతి.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నిరోష విన్నది. అప్పుడు మాత్రం తల తిప్పి తల్లిని చూసింది. ఉండిపొమ్మని అడగడానికి మాలతికి నోరు రాలేదు.