క్షౌరం తాత కత్తి మొండిపడిన దినం

కర్నూలు నుంచి కార్డు వచ్చింది. "మన హాస్టలు క్షౌరం తాత పోయినాడు. శనివారం పెద్దకర్మ. రా." అంతే. రాసింది కాలేజీలో నాతో ఒకే గదిలో ఉండిన స్నేహితుడు. వాడు పరీక్షల్లో కూడా ఇంతే రాసేవాడు. రాయచోటి బడిలో లెక్కలు చెప్తూ ఆ కార్డు చదివి కుర్చీలో కూలబడినాను. పిల్లకాయలు ఈ పూటకు లెక్కలు లేవని సంతోషపడినారు.

తాత ప్రతి ఆదివారం హాస్టలు బావి దగ్గర, బేతంచెర్ల నాపరాతి బండ మీద పెట్టె తెరిచి కూర్చునేవాడు. లోకంలో క్షౌరం చేసేవాళ్లంతా "కదలొద్దు" అంటారు. ఈయన "మాట్లాడు" అంటాడు. మాట్లాడితే గడ్డం తెగుతుంది, మాట్లాడకపోతే ఆయన వదలడు.

"ఏమప్పా, బువ్వ తిన్నావా? మీయమ్మ జాబు రాసిందా? ఆ ఇంగ్లీషు అయ్యోరు ఇంగా తిడతానే ఉండాడా?"

గమ్మున కూర్చునే పిల్లోణ్ణి చూస్తే ఆయనకు భయం. "వాని లోపల ఏందో ఉడుకుతాండాది" అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు: "పోయిన ఎంటికలు మళ్లా మొలుస్తాయప్పా. తలకాయ మాత్రం మొలవదు." అది మా క్రాపుల గురించేనని నవ్వుకునేవాళ్లం.

ఇంటరు అయిపోయిన ఎండాకాలం ఫలితాల కోసం హాస్టల్లో కాచుకొని ఉండింది ఐదారుమందిమి. ఒక ఆదివారం పొద్దున పేపరొచ్చింది. నా నంబరు లేదు. ఆత్మకూరు పక్క మా పల్లెలో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కణ్ణే. మా ఊళ్లో కుక్కలు తప్ప అందరూ అప్పటికే నన్ను కలెక్టరు అంటున్నారు. లెక్కల్లో తప్పినానని మా నాయన మొగం చూసి చెప్పేదానికంటే చచ్చేది మేలనుకున్నా. దాచేదేముంది, నిజంగానే అనుకున్నా. అయినా పందొమ్మిదేళ్ల వెధవను కదా, పోయేటప్పుడైనా నీటుగా పోదామని ముందు క్షౌరానికి కూర్చున్నా.

"మీసం దిద్దల్లనా? యాడికి పోతాండావప్పా?"

"యాడికీ లేదు."

"ఊరికా?"

"కాదు."

"నంబరు పడిందా?"

తాత నా మొగం శానాసేపు చూసినాడు. తర్వాత కుడిపక్క మీసం బోడిగా గీకేసి, కత్తి మడిచి పెట్టెలో పెట్టినాడు.

"కత్తి మొండిపడింది. సాన పట్టల్ల. రేప్పొద్దున వస్తా."

"తాతా! సగం మీసంతోనా? ఆ మిగిలింది కూడా తీసెయ్!"

"మొండి కత్తితోనా? తెగితే ఎవురిది పాపం?"

పెట్టె చంకన పెట్టుకొని, దారిలో నా స్నేహితుని చెవిలో ఏదో ఊది పోయినాడు.

సగం మీసంతో చావడం కుదరదండీ. ముందు గేటు దాటల్ల. గేటు బయట టీ అంగడి, టీ అంగట్లో సగం కర్నూలు. తువ్వాలు మొగానికి చుట్టుకొని గదిలో దూరినా. స్నేహితుడు తువ్వాలు లాగి, చూసి, మంచం మీద నుంచి కిందపడి నవ్వినాడు. పక్క గదుల వాళ్లూ వచ్చి నవ్వినారు. నాకు కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది. చావాలనుకున్నది అంతా కక్కేసినా. చూస్తే వాళ్లలో ఇద్దరు తప్పినారు, చెప్పుకోలేక తిరుగుతున్నారు! ఇంక నన్ను ఒక్క నిమిషం వదల్లేదు, దొడ్డికి పోయినా వెంట వచ్చినారు.

పొద్దున తాత మిగిలిన సగం తీసినాడు. అదే కత్తి. సాన మొగం చూసినట్టే లేదు. నన్ను ఆత్మకూరు బస్సెక్కించి తానూ ఎక్కినాడు. ఊళ్లో నేను నోరు తెరవకముందే మా నాయనతో అన్నాడు: "నీ కొడుకు పరీక్ష తప్పినాడప్పా. శానామంది తప్పినారు. ఈడు ఇంటికొచ్చినాడు. అది సూసుకో."

మా నాయనకు పరీక్ష సంగతి చెవికే ఎక్కలేదు. మా పక్క తండ్రి పోతేనే కదా కొడుకు మీసం తీసేది.

"నేనింగా బతికే ఉండానే! మీసం తీపిచ్చినావేందిరా!" అని కర్ర తీసుకున్నాడు. తాత ఆయన్ని అరుగు మీదికి తీసుకుపోయి, నాకు వినపడకుండా ఏదో చెప్పినాడు. కర్ర కిందపడింది. మా నాయన వచ్చి నన్ను వాటేసుకున్నాడు. అంతకుముందు ఆయన నన్నెప్పుడూ వాటేసుకోలేదు.

సెప్టెంబరులో మళ్లా రాసి గట్టెక్కినా. ఇప్పుడు నేను చెప్పేది లెక్కలే, పాపం ఆ పిల్లకాయలు.

శనివారం తుంగభద్ర ఒడ్డుకు చేరేసరికి మా నాయన నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. జనం శానామంది. ఒక వకీలు నా పక్కన నిలబడి, అడక్కుండానే, మీసం తడుముకుంటూ "నాకు ఎడంపక్క" అన్నాడు. నీళ్ల దగ్గర తాత కొడుకులిద్దరూ మీసాలు తీయించుకొని లేచినారు. కత్తి పట్టినాయన పనైపోయిందని గిన్నెలో నీళ్లు పారబోయబోతుంటే మా నాయన "ఆగప్పా" అని, నా భుజం పట్టుకొని ముందుకు నడిపించి, "కూసోరా" అన్నాడు.