మా మేనత్త సాకిన నక్క

మా మేనత్త పోయిందన్న కబురు కర్నూలు బస్సు కండక్టరు తెచ్చాడు. మైదుకూరు బడిలో నేను పాఠం చెబుతుంటే కిటికీ దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, మీ అత్త తెల్లారుజామున పోయిందంట. మీ నాయన నిన్ను రమ్మన్నాడు" అన్నాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "అదే, నక్కను సాకినమ్మ గదా?" అని అడిగాడు. ఇరవై ఏండ్లకు పైగా ఆమె మా ఇంటికి చేసిన చాకిరీ ఎవరికీ గుర్తులేదు. నక్క మాత్రం రెండు తాలూకాలకు గుర్తుంది.

పెండ్లయిన కొన్నాళ్ళకే మామ పాము కరిచి పోతే అత్త పుట్టింటికి వచ్చేసింది. పుట్టిల్లంటే మా ఇల్లే. మా నాయన ఆమెకు అన్న. పొలం ఆయనది, ఎద్దులు ఆయనవి, వంటింటి పెత్తనం మా అవ్వది. పెరట్లో కోళ్ళు మాత్రం అత్తవి. ఆడపిల్లకు చదువెందుకని ఇంట్లో అందరూ అంటుంటే, నన్ను బడికి పంపాల్సిందేనని పట్టుబట్టింది ఆమె ఒక్కతే. రోజూ ఉడకబెట్టిన గుడ్డు ఒకటి నా సంచిలో వేసి పంపేది. కర్నూలు రాజధాని అయ్యాక, డేరాల్లో కాపురమున్న ఆఫీసర్ల కోసం గుడ్లకూ కోళ్ళకూ ఎక్కడలేని గిరాకీ వచ్చింది. "రాజధాని వచ్చి ఎవురికి ఏమొరిగెనో గానీ, నా పెట్టలకు మాత్రం తీరిక లేకుండా పాయె" అని నవ్వేది.

ఆ ఏడే చెనిక్కాయ చేన్లో కాపలావాళ్ళు ఉచ్చు వేసి ఒక ఆడనక్కను చంపారు. గట్టు కింద బొరియలో కండ్లు సరిగా తెరవని పిల్ల ఒకటి మిగిలింది. అత్త దాన్ని కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చింది. "నక్క తోక తొక్కితే అదృష్టమంటారు. నువ్వు ఏకంగా నక్కనే ఎత్తుకొస్తివే" అని ఊరంతా ఎగతాళి చేసింది. అవ్వ నెత్తి కొట్టుకుంది. అత్త పట్టించుకోకుండా పొదుగు కోడి గంప పక్కనే ఇంకో గంప కింద దాన్ని పెట్టింది. గుడ్డ మేకపాలలో ముంచి తాగించేది. కోడిపిల్లలు బయటికి వచ్చాక దాని వీపెక్కి ఆడేవి. ఒకసారి అది ఒక పిల్లను నోట పట్టబోతే తల్లికోడి దాని ముక్కు మీద ఒక్క పోటు పొడిచింది. మళ్ళీ ఆ జోలికి పోలేదు.

గుడ్లు తినే కుక్కకు బుద్ధి రావాలని మా వైపు ఉడుకుడుకు గుడ్డును దాని నోట్లో కుక్కుతారు. నక్కకూ అట్లే చెయ్యమని అవ్వ చెప్పింది. అత్త ఒప్పుకోలేదు. రోజూ కోళ్ళకు గింజలు చల్లే ముందే దానికి సంగటి ముద్ద పెట్టేది. "ముందు దాని కడుపు సూడండి. దాని కులం తర్వాత సూస్తురు" అనేది. దానికి పేరంటూ పెట్టలేదు. కోళ్ళను పిలిచే "బ్బో బ్బో" అన్న పిలుపే దానికీ పిలుపు. దగ్గరికి వస్తే మాత్రం "ఏమప్పా, యాడికి పోయింటివి?" అని మొగమనిషిని అడిగినట్టు అడిగేది. ఏడాది తిరిగినా మా పెరట్లో ఒక్క కోడి తగ్గలేదు.

అప్పుడు మా తమ్ముడికి విషజ్వరం వచ్చింది. వాడు బతికితే సుంకులమ్మకు పుంజును ఇస్తానని అవ్వ మొక్కింది. వాడు లేచి తిరిగాడు. ఉన్న ఒక్క పుంజుకూ కాలికి పసుపు గుడ్డ కట్టి జాతర దాకా వదిలేశారు. అమ్మవారి సొత్తు కాబట్టి దాని మీద రాయి విసరడం కూడా తప్పే.

శివరాత్రికి అవ్వ శ్రీశైలం పోయింది. అమ్మ మమ్మల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. సరిగ్గా అప్పుడే కాలువ నీళ్ళ పని మీద మా నాయన ఒక ఆఫీసరును భోజనానికి పిలుచుకొచ్చాడు. పెద్దమనిషికి పెట్టను కోసి పెడితే మర్యాద తక్కువని ఆయన పట్టింపు. పుంజంటే అదొక్కటే ఉంది. ఆయనే కోసి, ఈకలు పీకి వంటింట్లో పెడితే, కాలి మీది పసుపు మరక అత్తకు కనిపించింది.

"అన్నా, ఇది అమ్మవారిది గదా?"

"నోరు మూసుకోని చెయ్. జాతరకు ఇంగోటి తెస్తా."

చేసింది. ఆ సంగతి వాళ్ళిద్దరికే తెలుసు. ఆఫీసరు గారి కడుపునూ లెక్కేసుకుంటే ముగ్గురికి.

ఇంకోటి తెచ్చేలోపే అవ్వ తిరిగి వచ్చి పుంజేదని అడిగింది. మా నాయన తడుముకోలేదు. "నక్కను ఇంట్లో పెట్టుకుంటే ఇంగేమైతాది?" అన్నాడు.

అవ్వ అక్కడే కూలబడింది. నక్క తింటే తప్పు తీర్చుకోవచ్చు. నక్కను చంపి, అమ్మవారికి ఇంకో పుంజు ఇస్తే సరిపోతుంది. ఇంటివాళ్ళే తింటే మాత్రం, ఏ ప్రాణం కోసం మొక్కారో ఆ ప్రాణానికే ముప్పని ఆమె నమ్మకం. అత్త నిజం చెబితే నక్క బతుకుతుంది, అవ్వ మాత్రం మనవడి ముఖం చూసినప్పుడల్లా చచ్చి బతకాలి. అత్త నోరు విప్పలేదు. విప్పదని మా నాయనకు ముందే తెలుసు. చెల్లెలి మంచితనం మీద ఆయనకు అంత నమ్మకం.

మేము ఊరి నుంచి వచ్చేసరికి వాకిట్లో జనం. కర్రలు చూసి నక్క గడ్డివామిలో దూరింది. ఎవరు పిలిచినా రాలేదు. "నువ్వే పిలువు" అన్నాడు మా నాయన. అత్త గింజల చేట పట్టుకుని నిలబడి "బ్బో బ్బో" అంది. కోళ్ళన్నీ పరుగెత్తుకొచ్చాయి. ముందు తినే అలవాటు కదా, వాటన్నిటికంటే ముందు నక్క వచ్చింది.

తర్వాత అత్త కోళ్ళను ఇచ్చేసింది. కోడికూర ముట్టలేదు. ఎందుకని అడిగితే "నాకు పడదులే" అనేది. ఆ ఇంట్లో ఎవరూ రెండోసారి అడగలేదు. జబ్బు ముదిరాక, మొన్న ఉగాదికి, నాకు ఇదంతా చెప్పింది. "అది సచ్చిందని కాదు పాపా. నేను పిలిస్తే వచ్చె, సూడు" అని గోడ వైపు తిరిగింది. అవ్వకు మాత్రం చెప్పొద్దని మాట తీసుకుంది. అవ్వకు చదువు రాదు. నేనిది రాసి పంపుతున్న ఈ పత్రిక మా ఊర్లో ఒక్క ఇంటికే వస్తుంది, అదీ మా నాయన పేరు మీద. చదవనీ.

మూడో రోజు అత్తను పూడ్చిన చోట ఆకు వేసి అన్నం పెట్టాం. మా నాయన తన చేత్తోనే కోడికూర వడ్డించి, "మా చెల్లెలికి ఇదంటే ప్రాణం" అని అందరికీ వినిపించేట్టు అన్నాడు. కాకులు వచ్చి తుమ్మచెట్టు మీద వాలాయి గానీ కిందికి దిగలేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కొరత ఉన్నట్టు. అదేదో ఇంటిపెద్ద నోటితో చెప్పి ఒప్పుకోవాలి.

"సమాధి కట్టిస్తామ్మా" అన్నాడు మా నాయన. దిగలేదు. "నీ పేరున అన్నదానం చేస్తా" అన్నాడు. దిగలేదు. "నీ గాజులు పాపకే ఇస్తా" అన్నాడు. అప్పటికీ దిగలేదు.

అవ్వ కర్ర ఊతంగా పక్కనే నిలబడింది. "నా బిడ్డకు ఇంగేం కొరత ఉండాదిరా? నీకు తెలిసే ఉంటాది, చెప్పు నాయనా" అని బతిమాలుతోంది. మా నాయన చేతులు జోడించుకుని అట్లే నిలబడ్డాడు. ఎండ ఎక్కింది. ఆకులో అన్నం బిరుసెక్కుతోంది.