మడమ గుంట

విజయనగరంలో మా వీధి చివర జీవరత్నం వడ్రంగి దుకాణం ఉంది. పలుచని చెక్కపొరలను పలకలకు అతికించడమే అతని జీవనం. జిగురు పూసిన పలకను ప్లాస్టిక్ సంచిలో ఉంచి, పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో గాలి లాగివేస్తాడు. పొరపై ఒత్తిడిని సమంగా పంచడానికి మరొక పలకను కప్పుతాడు; దానిని ‘అదుముడు పలక’ అంటాడు. నిఘంటువులలో వెదికాను, ఇంతకంటె మంచి మాట కనబడలేదు. విశ్రాంత ఉపాధ్యాయుడికి ఇటువంటి వెదకులాటలే కాలక్షేపం.

కిందటి వేసవిలో సముద్రపు ఒడ్డునున్న భావనపాడు నుంచి గురమ్మ అతని దుకాణానికి వచ్చింది. భర్త గంగులు మరణించాక అతని చేపల పడవను విప్పివేశారట. అందులోని పలక ఒకటి తెచ్చి, తన పెట్టెకు మూతగా చేయమంది. అడుగంతా పురుగు తినివేయగా పైపొర ఒక్కటే మిగిలింది. దాని నడుమ చిన్న గుంట.

“మా మావ తెడ్డేసినప్పుడు మడం ఇక్కడే తన్నిపెట్టీవోడు. ఇది పోకూడదు బాబూ.”

“మూత మీద పాదమేటమ్మా, దేవుడా ఏటి?” అన్నాడు జీవరత్నం.

“దేవుడైతే సెప్పిన మాట ఇనీవోడు” అంది గురమ్మ, నవ్వకుండా.

జీవరత్నం ఆ పొరను కోసి తీశాడు. అదే గుంట చెక్కిన కొత్త పలకకు దానిని అతికించే అవకాశం ఒక్కసారే. అందుచేత ముందు అటువంటి గుంట చేసిన పనికిరాని చెక్కలపై పరీక్షించాడు. గట్టి అదుముడు పలక కప్పితే గుంటలో ఆనలేదు. వేలితో తట్టితే అక్కడ డొల్లగా మోగింది. లారీ ట్యూబు రబ్బరు పరిస్తే గుంట అతుక్కుంది గాని, తక్కినదంతా అలలు తేలింది. చివరకు గట్టి పలకకే గుంటకు సరిగా రంధ్రం కోసి, అంచులు నున్నగా అరగదీసి, అందులో రబ్బరు ముక్క అమర్చి, దానితో అసలు పొరను అతికించాడు.

గురమ్మ వచ్చిననాడు మూతను తట్టి చూపాడు. ఎక్కడా డొల్ల లేదు. గుంట చుట్టూ మాత్రం రంధ్రపు అంచు సన్నని గీతగా పడింది.

“కొంచెం అరగదీస్తే గీత పోతాది. గుంట కూడా తరుగుతాది” అన్నాడు తలవంచి.

“గీత ఉంటే ఉన్నాది. అలాగే ఒగ్గీ.”

ఆమె తన బొటనవ్రేలిని గుంటలో ఆనించి, అంచు వెంట నెమ్మదిగా తిప్పింది. తరువాత మూతను గోనెలో చుట్టబోయి, మానుకొని, అలాగే గుండెకు ఆనించుకొని బస్సుకు నడిచింది.

రంధ్రం పడిన ఆ అదుముడు పలక మరే పనికీ కొరగాదు. జీవరత్నం దానిని ఇంకా గోడకు ఆనించే ఉంచాడు.