చెంబుతో తోడే బావి

మా డిపార్ట్‌మెంటు వరండాలో ఎప్పుడూ ఒక నీళ్ళ క్యాను ఉండేది. నీటి శాస్త్రం చెప్పేవాళ్ళూ చదివేవాళ్ళూ అందరం కొన్న నీళ్ళే తాగేవాళ్ళం. ల్యాబులో కొళాయి కారుతూ ఉండేది. రెండేళ్ళలో దాన్ని ఎవరూ బాగుచేయించలేదు, నేను కూడా. వేరే కోర్సులో సీటు రానివాళ్ళతోనే మా క్లాసు నిండింది. నీటి కొరత మీద సెమినారు పెట్టుకుని, సగం తాగిన సీసాలు బెంచీల కింద వదిలేసి భోజనానికి పోయేవాళ్ళం. మాలో ఒక్కడైనా బావిలోంచి నీళ్ళు చేదినవాడు ఉంటాడనుకోను.

నాకైతే ఆ అవసరం రాలేదు. మాది కోవూరు దగ్గర, కాలువ కింద వరి. గట్టుకు మడవ తీస్తే నీళ్ళు వచ్చేవి. సముద్రం ఒడ్డున ఇసకలో బతికేవాళ్ళంటే మా ఇళ్ళలో చులకన. ఆ చులకన నాతోపాటే యూనివర్సిటీకి వచ్చింది. అక్కడ దానికి చదువు కూడా తోడైంది.

తీరంలో ఇసక కింద నీళ్ళు ఎలా ఉంటాయో మొదటి ఏడాదే చెప్పారు. ఉప్పు నీరు బరువు, వాన నీరు తేలిక. అడుగున ఉన్న ఉప్పు నీటి మీద వాన నీరు పాల మీద మీగడలాగా తేలుతుంది. పైనుంచి గబగబా లాగేస్తే కింది ఉప్పు పైకి లేస్తుంది. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే రెండు రంగుల పెన్సిళ్ళతో బొమ్మ గీశాను. పూర్తి మార్కులు వేశారు. ఆ కాగితం చాలాకాలం దాచుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండో ఏడాది ఎండాకాలం థీసిస్ పని మొదలైంది. మా గైడు మాటలు పొదుపుగా వాడేవారు, పని ఇంకా పొదుపుగా చేసేవారు. "మోటారు పెట్టి తోడించు, నీళ్ళు ఎంత దిగాయో కొలువు, గ్రాఫ్ గియ్యి. గ్రాఫ్ లేకపోతే బయటనుంచి వచ్చే ఎగ్జామినరు పుస్తకం తెరవడు," అన్నారు. ఏ బావిలో, ఎంతసేపు అని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

నేను ఎంచుకున్న బావి ఒడ్డుకు దగ్గరగా, సరుగుడు తోటలో ఉంది. మూడు సిమెంటు ఒరలు దించిన చిన్న బావి. దాన్ని ఎంచుకోవడానికి శాస్త్రీయమైన కారణం ఏమీ లేదు. అక్కడిదాకా రోడ్డు ఉంది, కూర్చోడానికి నీడ ఉంది. పక్కనున్న చేపలు పట్టేవాళ్ళ పల్లె మొత్తానికి తాగే నీళ్ళు అందులోవే. బకెట్టు వేయనిచ్చేవాళ్ళు కాదు. చేంతాడుకు చెంబు కట్టి, అది పక్కకు ఒరిగి పైపైన నిండేలా దించేవాళ్ళు. ఒక బిందె నిండడానికి చాలాసేపు పట్టేది. చూసి నవ్వుకున్నాను.

బావి బాగోగులు చూసుకునే ఒక అవ్వ ఉండేది. ఇంజిను అనగానే తల అడ్డంగా ఊపింది.

"ఈ బాయికి ఇంజిన్లు ఒప్పవు నాయనా. మెల్లంగా తోడుకోవాల. తొందరపెడితే కడుపులోది కక్కతాది."

నేను చదివిన పాఠం అంతా ఆ మాటలో ఉంది. నాకు అది ముసలమ్మ చాదస్తంలాగా వినిపించింది.

"గవర్నమెంటు పనవ్వా. ఈ టెస్టు అయితే మీ వీధికి కొళాయి వస్తుంది," అన్నాను. అది పచ్చి అబద్ధం. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది.

వల బాగుచేసుకుంటున్న ఆమె అల్లుడు తలెత్తాడు. "ఒప్పుకో అత్తా. కొళాయి వస్తే నీ చెంబు మీద దుమ్ము తుడిచే పని ఒకటే నీకు."

"నీకు స్నానం చేసే పని కూడా పడతాదిరా," అంది అవ్వ. బావి వైపు చూసి, సరే అంది.

మర్నాడు మా పొలంలోని ఆయిల్ ఇంజిను ట్రాలీ ఆటోలో తెచ్చాను. మొదలుపెట్టే ముందు ఉప్పు కొలిచే మీటరు ముంచి చూస్తే నీళ్ళు తియ్యటివే. ఇంజిను తిప్పిన గంటకు అంకె పెరగడం మొదలైంది. అక్కడే ఆపాలి. నేను ఆపలేదు. గ్రాఫులో గీత అందంగా వంపు తిరుగుతోందని మురిసిపోయాను. సాయంత్రం దాకా తోడిన నీళ్ళు సరుగుడు చెట్ల మధ్యకు పారి ఇసకలో ఇంకిపోయాయి.

అవ్వ చెంబుతో వచ్చింది. పైపు దగ్గర పట్టి, నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"ఆపు నాయనా."

"ఇంకో గంట అవ్వా. గ్రాఫ్ పూర్తి కావాల."

ఇంకో గంట నడిపాను. పోయేముందు, "రెండ్రోజుల్లో సర్దుకుంటుంది," అన్నాను. సర్దుకోదని నాకు తెలుసు. కార్తీక మాసపు వానలదాకా ఒక్క చుక్క కొత్త నీరు రాదని పరీక్షలో రాసినవాణ్ణి నేనే.

వారానికి అల్లుడు ఫోన్ చేశాడు. "అన్నా, ఇంకా ఉప్పే. పిలకాయలు తాగడంలా. ఆడోళ్ళు పక్కూరికి పోతా ఉండారు బిందెలు ఎత్తుకుని. ఎప్పటికి సర్దుకుంటాదన్నా?" చూస్తానన్నాను. ఆ నంబరును ఫోనులో 'బావి' అని పెట్టుకున్నాను. తరువాత బావి పిలిచినప్పుడల్లా ఫోను బోర్లా పెట్టేవాణ్ణి. కొన్నాళ్ళకు పిలవడం మానేసింది.

థీసిస్‌లో, తియ్యటి నీళ్ళని చూపిన మొదటి రీడింగు తీసేశాను. ఆ బావి నీరు సహజంగానే ఉప్పనిదని, తాగడానికి పనికిరాదని రాశాను. వైవాలో ఎగ్జామినరు ఒకే ఒక్క మంచి ప్రశ్న అడిగాడు: "తోడడానికి ముందు ఉప్పు ఎంత ఉంది?" ఇంచుమించు ఇంతేనన్నాను. మా గైడు కిటికీలోంచి బయటకు చూశారు. ఫస్ట్ క్లాసు వచ్చింది. ఇప్పుడు రొయ్యల గుంటల నీళ్ళకు రిపోర్టులు రాసే ఆఫీసులో పనిచేస్తున్నాను. నా సంతకానికి విలువ ఉందంటారు.

రెండు వానాకాలాలు గడిచాక గాని అక్కడికి పోయే ధైర్యం రాలేదు. అవ్వ బావి దగ్గరే ఉంది. నన్ను వెంటనే గుర్తుపట్టింది.

"కొళాయి తెచ్చినావా అబ్బయా?"

"లేదవ్వా. కొళాయి మాట అబద్ధం. ఉప్పు లేస్తుందని చదువుకునే వచ్చాను. లేస్తున్నా ఆపలేదు. తరువాత మీ బావిదే తప్పని రాశాను."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "కొళాయి రాదని ఆ పొద్దే తెలుసు నాకు. అయినా ఆశకొద్దీ ఒప్పుకున్నా. మా కూతురు కడుపుతో ఉండి ఆ ఎండలో బిందెలు మోసింది. అది నీకు తెలవదు."

నాకు తెలియదు. ఫోను బోర్లా పెట్టినవాడికి ఎలా తెలుస్తుంది? ఆ కడుపులో బిడ్డ ఏమైందని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

చెంబు దించి, పైపైన ముంచి, నా దోసిట్లో పోసింది. తాగాను. చివర్న నాలుక మీద కొంచెం ఉప్పు నిలిచింది.

"ముందు పైన మూరెడు లోతు తీపి నీళ్ళు ఉండేవి," అంది. "ఇప్పుడు జానెడే."

బిందె సగమే నిండింది. మిగతాది నేను తోడతానని చెయ్యి చాపాను. ఆమె చేంతాడును రెండో చేతిలోకి మార్చుకుంది.

"నువ్వు ఆడ కూర్చో నాయనా," అంది, చెంబును మళ్ళీ మెల్లగా దించుతూ.